ఫొటో కింద తీసినవాళ్ల పేరు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

'సివిల్ వార్' సినిమా ఈమధ్యే చూశానండి, 2024లో వచ్చింది, అలెక్స్ గార్లాండ్ తీశాడు. అమెరికాలో మూడోసారి కూడా కుర్చీ వదలని ప్రెసిడెంట్, ఆయన మీదికి సైన్యంతో కలిసొచ్చే టెక్సాస్, కాలిఫోర్నియా, ఆయన పడిపోయేలోపు ఒక్క ఇంటర్వ్యూ దొరుకుతుందేమో అని న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కి కారులో బయల్దేరిన జర్నలిస్టులు. యుద్ధం ఎందుకొచ్చిందో చెప్పలేదు, తప్పెవరిదో తేల్చలేదు అని చాలామంది తిట్టారు. నాకైతే అది లోటు అనిపించలేదు, ఎందుకంటే ఆ సినిమా పార్టీల గురించి కాదు, అక్కడిదాకా వెళ్లి చూసొచ్చేవాళ్ల గురించి.

పెట్రోల్ బంకు సీన్ ఒక్కటి చాలు. కార్ వాష్‌లో ఇద్దరిని చితక్కొట్టి వేలాడదీస్తారు, అందులో ఒకడు ఆ తుపాకీ పట్టుకున్నవాడితో కలిసి చదువుకున్నవాడే. కొత్తగా ఫీల్డ్‌లోకొచ్చిన జెస్సీ మెడలో కెమెరా ఉండి కూడా బిగుసుకుపోతుంది, సీనియర్ లీ మాత్రం గొంతు పెంచకుండా ఆ తుపాకీవాడినే వాళ్ల మధ్యలో నిలబడమని అడిగి ఫొటో తీస్తుంది. అక్కడ నాకు ఊపిరాడలేదు. తర్వాత ఆ పిల్ల ఒక్క ఫొటో కూడా తీయలేకపోయానే అని ఏడుస్తుంది చూడండి, ఆ ఏడుపులోనే ఉంది ఈ ఉద్యోగం అంతా.

అమెరికా కల్పనలే అని వదిలేద్దామంటే మాకు కుదరదు, మాది కొత్తగూడెం, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం మా జిల్లా సరిహద్దు అవతలే. 2018 అక్టోబర్‌లో ఎన్నికల కవరేజ్‌కి అక్కడి దంతెవాడ వెళ్లిన దూరదర్శన్ కెమెరామెన్ అచ్యుతానంద సాహు మావోయిస్టుల దాడిలో చనిపోయాడు. అక్కడే బీజాపూర్‌లో జర్నలిస్టుగా పనిచేసే కుర్రాడు ముకేశ్ చంద్రాకర్ 2021లో మావోయిస్టుల దగ్గర బందీగా ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాన్‌ని తీసుకురావడానికి అడవిలోకి వెళ్లినవాళ్లలో ఒకడు. అడవిలోంచి ప్రాణాలతో వచ్చినవాడు, రోడ్డు పనుల్లో అవినీతి అతని రిపోర్టింగ్‌తో బయటికొచ్చాక 2025 జనవరిలో బీజాపూర్‌లోనే సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికాడు. అతను ఏ పేపర్ స్టాఫూ కాదు, ఫ్రీలాన్సర్.

నేను రాయడానికి కారణం అదేనండి. మన తెలుగు పేపర్లకి మండలాల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్లలో చాలామందికి జీతం ఉండదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన వార్తకి లైన్ల లెక్కన వచ్చే డబ్బే, పైగా యాడ్స్ తెమ్మంటారు. ఇసుక లారీల గురించి రాస్తే బెదిరింపులు వచ్చేది వాళ్లకి, కేసు పడితే కోర్టు చుట్టూ తిరిగేది వాళ్లు, ఫొటో కింద మాత్రం పేరుండదు.

కాబట్టి మీ పేపర్ తరఫున మూడు పనులు చేయండి. ఫొటో ఎవరు తీశారో వాళ్ల పేరు వేయండి, భయం ఉండి వాళ్లే వద్దంటే వేరే సంగతి. కంట్రిబ్యూటర్లందరికీ ప్రమాద బీమా కట్టండి, ప్రీమియం వాళ్ల లైన్ అకౌంట్లో కోయకుండా. వార్త వల్ల కేసు పడితే లాయర్‌ని మీరే పెట్టండి. వీటిలో ఏది చేస్తారో, ఎప్పటినుంచి చేస్తారో ఇదే లేఖల పేజీలో జవాబు వేయండి.

- ఒక పాత చందాదారు, కొత్తగూడెం