‘ది ఫర్మ్’ ఆల్బమ్‌ను పేర్ల బరువుతో తూచవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో, పేరున్న కళాకారులు జట్టుకట్టి చేసిన సంగీత ప్రయత్నాల గురించి వచ్చిన వ్యాసం చదివాను. అందులో ‘ది ఫర్మ్’ అనే అమెరికన్ హిప్‌హాప్ బృందానికి ఒకే ఒక్క వాక్యం దక్కింది. హేమాహేమీలు కలిసి చేసినా 1997లో వచ్చిన ఆ ఆల్బమ్ ఘోరంగా విఫలమైందని ఆ వాక్యం చెబుతుంది. పాతికేళ్లకు పైగా ఇదే మాట ఒక చోటి నుంచి మరో చోటికి నడుస్తూ వచ్చింది కనుక వ్యాసకర్తను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ ఆల్బమ్ వచ్చిన రోజుల్లో నేను న్యూజెర్సీలో కొత్తగా ఉద్యోగంలో చేరి, నెల జీతంలో కొంత మిగిల్చుకుని సీడీలు కొనుక్కునేవాణ్ణి. అలా కొన్న వాటిలో ఇదొకటి. అప్పుడూ విన్నాను, ఇప్పటికీ వింటున్నాను. అందుకే ఆ ఒక్క వాక్యాన్ని అలా వదిలేయడానికి మనసొప్పలేదు.

విడివిడిగా పేరు తెచ్చుకున్నవాళ్లు కలిసి బృందంగా ఏర్పడితే దాన్ని సూపర్‌గ్రూప్ అంటారు. ‘ది ఫర్మ్’లో నాస్, ఏజీ, ఫాక్సీ బ్రౌన్, నేచర్ ఉన్నారు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌బ్రిడ్జ్ ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగిన నాస్, 1994లో, ఇరవయ్యేళ్ల వయసులో, ‘ఇల్‌మాటిక్’ అనే తొలి ఆల్బమ్‌తోనే ర్యాప్ రచనకు ఒక కొలమానం ఏర్పరిచాడు. ఆ ఆల్బమ్‌లో గొంతు కలిపిన ఏకైక అతిథి ర్యాపర్ న్యూయార్క్‌లోనే బ్రూక్లిన్ ప్రాంతానికి చెందిన ఏజీ. మన ఛందస్సులో ప్రాస పాదం రెండో అక్షరం దగ్గర నిలుస్తుంది, అంత్యప్రాస చివర వస్తుంది. ఏజీ అయితే పాదమంతటా, మూడేసి నాలుగేసి అక్షరాల గుత్తులుగా ప్రాసను పరుస్తాడు, అయినా ఊపిరి తీసుకున్నట్టే అనిపించడు. ట్రినిడాడ్ మూలాలున్న కుటుంబంలో బ్రూక్లిన్‌లో పుట్టిన ఫాక్సీ బ్రౌన్ తన తొలి ఆల్బమ్ ‘ఇల్ నా నా’ 1996 నవంబరులో విడుదలయ్యేనాటికి పద్దెనిమిదేళ్ల అమ్మాయి. నేచర్‌ది క్వీన్స్‌బ్రిడ్జే, కానీ అప్పటికి అతనికి సొంత ఆల్బమ్ లేదు. ఈ నాలుగో స్థానం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ ఆల్బమ్ కథంతా అక్కడే ఉంది.

బృందం మొదట కనిపించింది 1996 జులైలో విడుదలైన నాస్ రెండో ఆల్బమ్ ‘ఇట్ వాజ్ రిటెన్’లోని ‘అఫర్మేటివ్ యాక్షన్’ పాటలో. అందులో నాస్, ఏజీ, ఫాక్సీ బ్రౌన్‌లతో పాటు పాడిన నాలుగో వ్యక్తి నేచర్ కాదు, కార్మెగా. అతనూ క్వీన్స్‌బ్రిడ్జ్ వాడే, నాస్‌కు పాత స్నేహితుడు. ‘ఇల్‌మాటిక్’లో జైల్లో ఉన్న మిత్రులకు రాసే ఉత్తరాల రూపంలో సాగే పాట ఒకటుంది. దానిలో నాస్ పేరుపెట్టి క్షేమం అడిగిన వాళ్లలో కార్మెగా ఉన్నాడు. జైలు నుంచి వచ్చాక అతను మైకు ముందు నిలబడిన ‘అఫర్మేటివ్ యాక్షన్’ వింటే, నలుగురు మనుషులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకరి మాట ఒకరు అందుకుంటున్నట్టుంటుంది. ఫాక్సీ చరణంలో వచ్చే మత్తుమందు తూకాల లెక్క సరిపోదని శ్రోతలు ఇప్పటికీ పట్టుకుని వాదించుకుంటారు. ఒక పాటలోని కూడికలూ హెచ్చవేతలూ తప్పాయని ఇన్నేళ్లు చర్చించుకున్నారంటే, ఆ పాటను వాళ్లు ఎంత శ్రద్ధగా విన్నారో తెలుస్తుంది.

ఆ ఒక్క పాటతోనే పూర్తి ఆల్బమ్ మీద ఆశ పుట్టింది. ఆల్బమ్ తయారయ్యే లోపే ఒప్పందం విషయంలో కార్మెగాకూ, అప్పట్లో నాస్ మేనేజర్‌గా ఉన్న స్టీవ్ స్టౌట్‌కూ పొసగలేదు. కార్మెగా బయటికి వెళ్లాడు, అతని స్థానంలోకి నేచర్ వచ్చాడు. నేచర్ ప్రతిభావంతుడే. ఆల్బమ్‌లో తనకు దొరికిన ప్రతి చోటా కష్టపడ్డాడని విన్నవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. కానీ ఒక పాటలో దానంతటదే కుదిరిన పొందికను కాగితాల మీద మళ్లీ పేర్చడం సాధ్యం కాలేదు. మన సాహిత్యంలో జంట కవులు ఉన్నారు. తిరుపతి వేంకట కవుల పద్యం చదివితే ఏ పాదం ఎవరిదో చెప్పలేం. అలాంటి ఏకత్వం ఏళ్ల సాహచర్యం నుంచి రావాలి. ‘ది ఫర్మ్’కు ఆ సాహచర్యం కొంత ఉండేది, అందులో ముఖ్యమైన ఒక పోగు తెగిపోయింది. ఆల్బమ్‌లో నిజంగా లోటంటూ ఉంటే అది ఇదే. విఫలమైందని రాసేవాళ్లు చాలామంది ఈ సంగతి ఎత్తరు, పెద్ద పేర్లున్నాయి కనుక ఇంకా పెద్దది రావాలి అన్న ఒక్క లెక్కతో తీర్పు చెప్పేస్తారు.

ఆల్బమ్ 1997 అక్టోబరు 21న ‘ఆఫ్టర్‌మాత్’ అనే రికార్డు సంస్థ నుంచి వచ్చింది. ఆ సంస్థ ర్యాపర్, సంగీత నిర్మాత డాక్టర్ డ్రేది. లాస్ ఏంజెలెస్ దగ్గరి కాంప్టన్‌కు చెందిన ఆయన, తానే నిలబెట్టిన ‘డెత్ రో’ సంస్థను 1996లో వదిలి దీన్ని మొదలుపెట్టారు. నాస్ రెండో ఆల్బమ్‌లో ఒక పాటకు అప్పటికే ఆయన సంగీతం చేసి ఉన్నారు. ఇక్కడ కాలాన్ని గుర్తుచేసుకోవాలి. 1996 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో కాల్పులకు గురై పడమటి తీరపు ర్యాపర్ టుపాక్ షకూర్ చనిపోయాడు. 1997 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో న్యూయార్క్ ర్యాపర్ నొటోరియస్ బీఐజీ హత్యకు గురయ్యాడు. అమెరికా తూర్పు తీరం (న్యూయార్క్), పడమటి తీరం (లాస్ ఏంజెలెస్) అంటూ పత్రికలూ అభిమానులూ పెంచి పోషించిన వైరం రెండు నిండు ప్రాణాలను బలిగొన్న తర్వాత, ఏడాది తిరగకముందే పడమటి తీరపు సంగీతకారుడు, తూర్పు తీరపు ర్యాపర్లు ఒకే ఆల్బమ్ మీద పేరు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో న్యూయార్క్ రేడియో వింటూ ఉండిన నాకు, ఆ ఒక్క సంగతే ఆల్బమ్‌ను గౌరవంగా చూడడానికి చాలనిపించింది. సమీక్షల్లో దీనికి తగిన విలువ దక్కలేదన్నది నా ఫిర్యాదు.

ఇక ఆదరణ విషయానికి వస్తే, విడుదలైన మొదటి వారమే ఆ ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మొదటి స్థానంలో నిలిచిన దాన్ని ఘోర వైఫల్యం అనడం ఎలా కుదిరిందో ఆలోచించాలి. ఆ ఏడాది బీఐజీ మరణానంతరం విడుదలైన రెండు డిస్కుల ఆల్బమ్, వు-టాంగ్ క్లాన్ బృందపు రెండు డిస్కుల ఆల్బమ్, పఫ్ డాడీ తొలి ఆల్బమ్ అన్నీ అదే స్థానానికి వెళ్లాయి. అంటే 1997లో పెద్ద ర్యాప్ ఆల్బమ్‌కు మొదటి స్థానం అబ్బురం కాదు, అందరూ ముందే ఆశించిన సంగతి. పైగా ఈ ఆల్బమ్ మీద ఏడాది ముందు నుంచే ప్రచారం నడిచింది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పాటలు రికార్డు కాకముందే దాన్ని కళాఖండంగా ప్రకటించేశారు. విడుదలయ్యాక విమర్శకుల మాట మిశ్రమంగా వచ్చింది. ఆకాశంలో కట్టిన ఇంటిని నేలమీద ఉన్న ఇంటితో పోల్చి చూసిన నిరాశ అందులో చాలా ఉంది.

మరో కారణం కూడా ఉంది. డ్రే సంస్థ నుంచి 1996 చివర్లో వచ్చిన తొలి సంకలనం పెద్దగా ఆకట్టుకోలేదు. రెండో ఆశ ‘ది ఫర్మ్’. ఆ తర్వాత 1999 ఫిబ్రవరిలో ఎమినెమ్ ‘స్లిమ్ షేడీ’ ఆల్బమ్, అదే ఏడాది నవంబరులో డ్రే సొంత ఆల్బమ్ ‘2001’ వచ్చి ఆ సంస్థ దశ తిరిగింది. గెలిచినవాడి కథ చెప్పేటప్పుడు గెలుపుకు ముందు ఒక గొయ్యి చూపిస్తే కథ రక్తి కడుతుంది. డ్రే జీవితం గురించి రాసినవాళ్లకు ‘ది ఫర్మ్’ ఆ గొయ్యిగా పనికొచ్చింది. నాస్ గురించి రాసినవాళ్లకు అది ‘ఇల్‌మాటిక్’ ఎత్తు నుంచి దిగిన మెట్టుగా పనికొచ్చింది. ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా విని రాసినవాళ్లు తక్కువయ్యారు.

వినమని నేను మొదట చెప్పేది ‘ఫోన్ టాప్’ పాట. పోలీసులు ఫోను తంతిని దొంగచాటుగా వింటుండగా నేరస్థులు మాట్లాడుకోవడం దాని వస్తువు. నాస్, ఏజీల గొంతులు నిజంగా ఫోనులోంచి వస్తున్నట్టే సన్నగా, పీచుగా వినిపిస్తాయి. పల్లవిలో డ్రే బరువైన గొంతు చట్టం తరఫున హెచ్చరిస్తుంది. సంగీతం చాలా తక్కువ: తీగ మీటినట్టుండే ఒక చిన్న వరస, దాని కింద అడుగుల చప్పుడు లాంటి దరువు. ఎక్కడా ఆర్భాటం లేదు. వాద్యాల మధ్య వదిలిన ఖాళీయే భయాన్ని పుట్టిస్తుంది. మాట్లాడుకునేవాళ్లకు తెలియని సంగతి వినేవాళ్లకు తెలుసు, నాటకంలో ఉండే బిగువు అదే. ర్యాప్‌లో కథ చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు, కథ జరిగే స్థలాన్ని శబ్దంతోనే కట్టి చూపినవాళ్లు కొద్దిమంది. ఈ పాట చేసినవాళ్లకు ఘోర వైఫల్యం అనే మాట ఎలా వర్తిస్తుంది?

ఆల్బమ్‌లో లోపాలు లేవని నేను అనను. సంగీత బాధ్యతలో పెద్ద భాగాన్ని డ్రే ఒకవైపు, న్యూయార్క్‌కు చెందిన సంగీత నిర్మాతల జట్టు ట్రాక్‌మాస్టర్స్ మరోవైపు పంచుకున్నారు. ఆ రెండు పద్ధతుల మధ్య కుట్టు అక్కడక్కడ బయటికి కనిపిస్తుంది. టీనా మేరీ 1981 నాటి పాటను ఆధారం చేసుకుని, గాయని డాన్ రాబిన్సన్ గొంతుతో చేసిన ‘ఫర్మ్ బిజ్’ రేడియో కోసం అల్లింది. హాయిగానే ఉంటుంది కానీ ‘ఫోన్ టాప్’ సృష్టించిన లోకానికి చెందదు. నోరియాగా, కానిబస్ లాంటి అతిథులు రావడంతో అసలు నలుగురి మధ్య సంభాషణకు చోటు తగ్గింది. మాఫియా, మత్తుమందుల వ్యాపారం చుట్టూ అల్లిన వస్తువు అప్పటికే ఇతరుల ఆల్బమ్‌ల్లో అరిగిపోవడం మొదలైంది. స్త్రీల గురించిన మాటలు కొన్నిచోట్ల నాకు అప్పుడూ ఇబ్బంది కలిగించాయి, ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా ఇప్పుడు మరింత కలిగిస్తున్నాయి. ఇవన్నీ సమీక్షకులు రాయవలసిన విషయాలే. పాట పేరు చెప్పి, లోపం ఎక్కడుందో చూపి రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఆ తర్వాత వాళ్లు బృందంగా మరో ఆల్బమ్ చేయలేదు. కార్మెగా 2001లో ‘ది రియల్‌నెస్’ అనే తొలి ఆల్బమ్‌తో తన దారి తాను వేసుకున్నాడు. అదే ఏడాది చివర్లో వచ్చిన నాస్ ఆల్బమ్‌లో కార్మెగా మీదా, నేచర్ మీదా కూడా విసుర్లు ఉన్నాయి. ఒకే వీధిలో పెరిగినవాళ్ల మధ్య ఆ మాటలు వినడం నాకు బాధ కలిగించింది. 2020లో నాస్ ‘కింగ్స్ డిసీజ్’ ఆల్బమ్‌లోని ‘ఫుల్ సర్కిల్’ పాటలో నాస్, ఏజీ, ఫాక్సీ బ్రౌన్, కార్మెగా మళ్లీ కలిశారు, చివర్లో డ్రే గొంతు కూడా వినిపించింది. గతంలో ఆడవాళ్లతో తాము మెలిగిన తీరును వయసు మళ్లిన చూపుతో తిరిగి తూచుకున్న పాట అది. ఆ ఆల్బమ్‌కు మరుసటి ఏడాది ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం దక్కింది. ఇరవై నాలుగేళ్ల కిందటి నాలుగు గొంతులు సరిగ్గా అదే కూర్పులో వినిపించిన రాత్రి నేను ఆ పాటను చాలాసార్లు విన్నాను. నేచర్ అందులో లేకపోవడం కూడా గమనించాను. 1997 ఆల్బమ్ భారాన్ని మోసినవాళ్లలో అతనూ ఒకడు కనుక అతనికీ ఒక చరణం ఇచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

ఇవాళ హైదరాబాద్‌లోనూ వైజాగ్‌లోనూ తెలుగులో ర్యాప్ రాసే కుర్రవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో కొందరు మీ అనుబంధం చదువుతారు. ఒక ఆల్బమ్ గురించి వాళ్లు మొదటిసారి చదివేది ‘ఘోరంగా విఫలమైంది’ అన్న మాట అయితే, ‘ఫోన్ టాప్’ వినే అవకాశం వాళ్లకు అక్కడే పోతుంది. అందుచేత వచ్చే ఆదివారం సంచికలో ఆ వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను. ‘విడుదలైన వారమే మొదటి స్థానానికి చేరిన, విమర్శకుల నుంచి మిశ్రమ స్పందన పొందిన ఆల్బమ్’ అని వేస్తే చాలు. వ్యాసకర్తకు ఆసక్తి ఉంటే నా సీడీ ఇప్పటికీ గీత పడకుండా ఉంది, మీ కార్యాలయానికి తెచ్చి వినిపించడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
మీ పాత చందాదారుడు,
హనుమకొండ.