మీ మోడల్ శిక్షణలో నా ఫొటోలు: ఫిర్యాదు

డేటా వినియోగ విభాగం అధికారి గారికి,

నమస్కారం. నేను కీటకాల ఫొటోలు తీస్తాను. చదువుకునేవాళ్లు ఉచితంగా వాడుకోవచ్చు, వ్యాపారానికైతే ముందుగా అనుమతి తీసుకోవాలి అన్న షరతుతో వాటిని ఆన్‌లైన్‌లో పెట్టాను. డబ్బు తీసుకుని మీరు అందిస్తున్న ఇమేజ్ రికగ్నిషన్ (ఫొటోలో ఏముందో గుర్తుపట్టే) ఏఐ మోడల్‌కు ఈ ఫొటోలతో శిక్షణ ఇచ్చారా అని ఇంతకుముందే అడిగాను. కోట్లాది ఫొటోల్లో ఫలానావి ఉన్నాయో లేవో చెప్పడం సాధ్యం కాదని జవాబిచ్చారు. ఈ జవాబును నేను ఒప్పుకోను.

మోడల్ ఇచ్చే జవాబులను బట్టి ఒక డేటా శిక్షణలో ఉందో లేదో అంచనా వేయవచ్చని 2017లోనే పరిశోధకులు చూపించారు. 2020లో ఫేస్‌బుక్ పరిశోధకులు 'రేడియోయాక్టివ్ డేటా' అనే పద్ధతి తెచ్చారు. కంటికి కనపడని గుర్తులున్న ఫొటోలు శిక్షణ డేటాలో 1 శాతమే ఉన్నా, వాటి జాడ మోడల్‌లో దొరుకుతుందని అందులో తేలింది. మీ ఇంజనీర్లకు ఇవి తెలియవంటే నమ్మలేను.

మీ మోడల్ నా ఫొటోను ఠక్కున గుర్తుపట్టిందన్న ఒక్క కారణంతో నింద వేయడం లేదు. అదే జాతి కీటకాన్ని వేరే ఫొటోల్లో చూసి నేర్చుకున్నా గుర్తుపడుతుంది. అందుకే ఫొటోలు పెట్టేముందే ఒక్కోదానికి రెండు కాపీలు చేశాను. రెండింటి పిక్సెళ్లలోనూ కంటికి ఆనని మార్పులు, దేనికవే వేరు. ఏది పెట్టాలో లాటరీ తీసినట్టు నిర్ణయించి, రెండోదాన్ని ఎవరికీ ఇవ్వలేదు. నా ఫొటోలు చూడని మోడల్‌కు రెండు కాపీలూ ఒకటే. ఎక్కువ నమ్మకంతో గుర్తుపట్టేది ఒకసారి ఇదైతే ఇంకోసారి అది, మొత్తం మీద సగం సగం రావాలి. మీ మోడల్ మాత్రం నేను బయట పెట్టిన కాపీ వైపే బాగా మొగ్గింది. ఇది కాకతాళీయంగా జరిగే అవకాశం వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. కీటకాన్ని గుర్తుపట్టడం తేలికనో, వెలుతురు బాగుందనో అనడానికి వీల్లేదు, రెండు కాపీల్లోనూ అవి ఒకటే కదా.

ఈ ఫొటోలను మీకు ఇంకెవరో అమ్మి ఉండవచ్చు. అలాగైతే ఎవరి దగ్గర కొన్నారో రాతపూర్వకంగా చెప్పండి. గంటల తరబడి కదలకుండా కూర్చుని తీసినవి ఇవి. అడిగి ఉంటే మాట్లాడుకునేవాళ్లం, అడగకుండా తీసుకోవడమే నాకు బాధ.

మీ సర్వర్లలోంచి ఫొటోలు తీసేస్తే సరిపోదు, మోడల్ నేర్చుకున్నది మోడల్‌లోనే ఉంటుంది. 2021లో ఎవరాల్బమ్ అనే ఫొటో యాప్ కంపెనీ కేసులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, వినియోగదారుల ఫొటోలతో తయారైన మోడళ్లను కూడా తొలగించాలని ఆదేశించింది. నేనూ అదే అడుగుతున్నాను. స్వతంత్ర నిపుణుడితో మీ మోడల్‌ను లోపలి నుంచి పరీక్ష చేయించండి. నిజమని తేలితే నా ఫొటోలు లేకుండా మళ్లీ శిక్షణ ఇచ్చేదాకా ఈ వెర్షన్ అమ్మకం ఆపండి.

నా దగ్గరున్న రెండో కాపీలనూ, ఏది పెట్టానో రాసుకున్న రికార్డునూ ఆ నిపుణుడికే ఇస్తాను. పరీక్ష పూర్తయ్యేదాకా మీకు మాత్రం ఇవ్వను, ముందే ఇస్తే ఇక ఆ పరీక్షకు విలువ ఉండదు.

ఇట్లు,
ఫొటోల హక్కుదారు