క్యాలెండర్ బొమ్మలు వేసినవాళ్ల పేర్లైనా మిగలనివ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 1967 డిసెంబరులో ఇంగ్లండులో అమెరికన్ రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ పాటల రికార్డు ‘యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్’ విడుదలైంది. దాని అట్టను మన ఇళ్లలో పెద్దవాళ్లెవరైనా ఇట్టే గుర్తుపడతారు. అది మన విశ్వరూపం పటం. అటూ ఇటూ బారులు తీరిన తలలు, లెక్కపెట్టలేనన్ని చేతులు, చుట్టూ దేవతలు. నడిమి తల ఉండాల్సిన చోట హెండ్రిక్స్ ముఖం, పక్కన ఆయన బృందంలోని మిగతా ఇద్దరి ముఖాలు పెట్టారు. కొత్త ముఖాలతో ఆ అట్ట బొమ్మ వేసిన రోజర్ లా పేరు ఈనాటికీ చెప్పుకుంటున్నారు. అసలు విశ్వరూపాన్ని గీసి, రంగులద్దిన మనిషి ఊసు ఎక్కడా రాదు. ఇలాంటి అట్టల మీద మతాన్ని అవమానించారా లేదా అని వాదనలు జరుగుతూనే ఉంటాయి. బొమ్మ ఎవరు వేశారని అడిగేవాళ్లే కనబడరు. నా బాధంతా దాని గురించే.

అదే ఏడాది జనవరి 14న శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో వేలమంది హిప్పీలు కూడారు. ఆ సభ పోస్టర్లలో బాగా పేరొచ్చిన ఒకదాని మీద జటలు కట్టిన సాధువు ఫొటో ఉంటుంది, నుదుట మూడో కన్ను. గీసిన స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ ఎవరో కళాచరిత్ర చదివేవాళ్లకు తెలుసు. ఆ సాధువు ఎవరు, ఏ ఊరివాడు అన్నది ఎవరికి పట్టింది?

సూపర్ హీరోల కథ ఇంకా పాతది. 1940ల అమెరికన్ కామిక్స్‌లో గ్రీన్ లామా అనే వీరుడు ‘ఓం మణి పద్మే హుం’ అని జపిస్తే చాలు, ఒంట్లోకి బలం వచ్చేసేది. 1963లో బొమ్మలు గీసే స్టీవ్ డిట్కో, కథలు రాసే స్టాన్ లీ కలిసి డాక్టర్ స్ట్రేంజ్ అనే మాంత్రిక వీరుణ్ని కామిక్స్‌లోకి తెచ్చారు. ప్రమాదంలో చేతులు దెబ్బతిన్న సర్జన్ హిమాలయాలకు పోయి, ఏన్షియంట్ వన్ అనే ముసలి టిబెటన్ గురువు దగ్గర శిష్యరికం చేస్తాడు. డిట్కో గీసిన ఆ చేతుల్ని ఒకసారి దగ్గరగా చూడండి. నడిమి రెండు వేళ్లూ మడిచి, చూపుడు వేలు, చిటికెన వేలు నిటారుగా చాచి మంత్రం వేస్తాడు. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు చూపిస్తే సింహముఖ హస్తంలా ఉందంటారు. బౌద్ధ విగ్రహాల్లోనూ దీనికి దగ్గరి ముద్ర ఉంది.

అలాగని అంతా మన దగ్గర్నుంచే ఎత్తుకుపోయారని నేను అనను. డిట్కో గీసిన తేలే దారులు, వంకర తలుపులు, అంతులేని శూన్యం ఆయన సొంత ఊహలోంచి వచ్చినవి. మత్తులో గీశాడని కుర్రకారు అనుకున్నారు గానీ ఆయన అలాంటి మనిషి కాదు. హిప్పీలే ఆ పుస్తకాల్ని తమవి చేసుకున్నారు. 1965 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టిన ఒక డాన్స్ కచేరీకి డాక్టర్ స్ట్రేంజ్ పేరే పెట్టారు. తీసుకోవడం తప్పు కాదు, కళ అలాగే పెరుగుతుంది. ఇచ్చినవాడి పేరు చెరిగిపోవడమే అన్యాయం. 2016లో వచ్చిన డాక్టర్ స్ట్రేంజ్ సినిమాకు వచ్చేసరికి ఆ టిబెటన్ గురువే టిబెటన్ కాకుండా పోయాడు. ఆ పాత్రను కెల్టిక్ స్త్రీగా మార్చేశారు.

పరాయివాళ్లను అని ఏం లాభం, మనం చేస్తున్నదేమిటి? కాలచక్ర తంత్రమనే బౌద్ధ సాధనా మార్గాన్ని బుద్ధుడు బోధించింది మన ధాన్యకటకంలోనేనని, అంటే ఇప్పటి అమరావతి దగ్గరేనని టిబెటన్ సంప్రదాయం చెబుతుంది. ఆ నమ్మకంతోనే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. ఇలాంటి సాధనల్లో గీసే మండలాలనే చక్రాల బొమ్మలూ, చేతి ముద్రలూ ప్రపంచమంతా తిరిగి కామిక్ పుస్తకాల దాకా వెళ్లాయని ఆ ఊరికి వచ్చే బడిపిల్లలకు చెప్పే ఏర్పాటు మనకు లేకపోవడం ఏం బాగుంది?

క్యాలెండర్ బొమ్మల గతి అంతకంటే ఘోరం. నాకు తెలిసిన ఒక పాత ప్రింటింగ్ ప్రెస్ మూతపడినప్పుడు చేత్తో గీసిన ఒరిజినల్స్‌ను, ప్రూఫులను కట్టలు కట్టి చిత్తు కాగితాల కింద తూకానికి వేసేశారు. అందులో ఒక గజేంద్రమోక్షం ఉంది. మొసలి వీపు మీది ఒక్కో పొలుసుకూ సన్నని తెల్లగీతతో మెరుపు తెచ్చాడు ఆ పెయింటరు. అడుగున సంతకం ఉండాల్సిన చోట కొట్టు పేరూ ఫోన్ నంబరూ అచ్చువేశారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పురావస్తు శాఖలకు నా మనవి ఇది. గుళ్లు, శాసనాలతో పాటు క్యాలెండర్లు, పటాలు, పత్రికల అట్టలు, సినిమా వాల్‌పోస్టర్లు కూడా సేకరించండి. అమరావతి మ్యూజియంలో ఒక గోడ ఈ ప్రయాణానికి కేటాయించండి. హెండ్రిక్స్ అట్ట పక్కనే విశ్వరూపం పటం పెట్టండి. ఆంధ్రా యూనివర్సిటీలోనూ హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలోనూ ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లల్ని పాత ప్రెస్సుల్లో పనిచేసిన పెయింటర్ల దగ్గరికి పంపి, ఏ బొమ్మ ఎవరిదో రాయించండి. వాళ్లలో చాలామంది ఇప్పటికే పెద్ద వయసువాళ్లు, కాబట్టి ఈ పని వచ్చే బడ్జెట్ దాకా ఆగకూడదు. మా ఊళ్లో అలాంటి క్యాలెండర్లు దాచుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఏ శాఖవారు వచ్చినా దగ్గరుండి తీసుకెళ్లి చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
తెనాలి