మెదడు సైజు చూసి పెద్దవాళ్ళ బుద్ధిని కొలవకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ హెల్త్ పేజీ నేను రెగ్యులర్‌గా చదువుతా. ఈ మధ్య అందులో వయసు, మెదడు గురించి ఏ వార్త వచ్చినా హెడ్డింగ్ మాత్రం ఒకేలా ఉంటోంది, వయసుతో పాటు మెదడు కుంచించుకుపోతుంది, జ్ఞాపకశక్తి పోతుంది, జాగ్రత్త అని. పక్కన రెండు స్కాన్ ఫొటోలు వేస్తారు, ఒకటి నిండుగా ఉంటుంది, రెండోదాంట్లో మధ్యలో నల్లగా పెద్ద పెద్ద ఖాళీలు కనిపిస్తుంటాయి. ఆ రెండోది ఆరోగ్యంగా ఉన్న పెద్దాయనదా లేక అల్జీమర్స్ పేషెంట్‌దా అన్నది కింద ఎక్కడా రాయరు. అరవై డెబ్బై దాటిన వాళ్ళు అది చూసి ఎంత బెంగపెట్టుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళ విషయంలో స్కాన్‌లో కనిపించే సైజుకీ వాళ్ళ తెలివితేటలకీ అంత నేరుగా లింకు లేదండి, ఉన్నట్టు రాయడం వల్ల ఇళ్ళల్లో నష్టం జరుగుతోంది, అందుకే ఈ లెటర్.

నష్టం అని ఊరికే అనట్లేదు. మా మేనత్తకి డెబ్బై నాలుగేళ్ళు. తలనొప్పి తగ్గట్లేదని ఎమ్మారై తీయిస్తే కంగారు పడాల్సిందేమీ లేదని రాసి, రిపోర్టు చివరి లైన్‌లో మాత్రం ఏజ్ రిలేటెడ్ సెరిబ్రల్ అట్రోఫీ అని పెట్టారు. వయసు వల్ల మెదడు కాస్త తగ్గిందని దాని అర్థం, కానీ ఆ సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు ఆ మాట నెట్‌లో వెతికారు, ఇంకేముంది, అప్పటిదాకా ఇంటి లెక్కలన్నీ పైసాతో సహా చూసుకున్న మనిషి చేతిలోంచి చెక్‌బుక్ వెళ్ళిపోయింది, "నువ్వు టెన్షన్ పడకత్తా, మేం చూసుకుంటాంలే" అనడం మొదలైంది, డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ్ని అడగాల్సినవి కూడా పక్కన కూర్చున్న వాళ్ళనే అడుగుతున్నారు. ఆవిడ జ్ఞాపకశక్తి ఎలా ఉందో ఒక్కరంటే ఒక్కరు టెస్ట్ చెయ్యలేదు. ఒక్క లైన్ చూసి తేల్చేశారు.

మెదడు తగ్గదని నేను అనట్లేదు, తగ్గుతుంది. నలభై దాటాక పదేళ్ళకి సుమారు 5 శాతం చొప్పున తగ్గుతుందని ఒక అంచనా, డెబ్బై తర్వాత ఇంకొంచెం స్పీడ్‌గా. అది కూడా అంతటా ఒకేలా కాదు, నుదురు వెనకాల ఉండే భాగం, కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడానికి కావాల్సిన హిప్పోకాంపస్ ఎక్కువగా తగ్గుతాయి, తల వెనక వైపు చూపుకి సంబంధించిన భాగంలో మార్పు తక్కువ. అయితే తగ్గేది ఏంటి అన్నది ఎవరూ రాయరు. ముసలితనం వచ్చేసరికి న్యూరాన్లు, అంటే మెదడులో సిగ్నల్స్ పంపే కణాలు, సగానికి సగం చచ్చిపోతాయని చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు, కానీ 1997లో డెన్మార్క్ సైంటిస్టులు, చనిపోయిన వాళ్ళ మెదళ్ళు తీసుకుని కార్టెక్స్‌లో (మెదడు పై పొరలో) న్యూరాన్లు లెక్కగట్టి చూస్తే 20 ఏళ్ళకీ 90 ఏళ్ళకీ మధ్య తేడా 10 శాతం లోపే వచ్చింది. అంటే న్యూరాన్లు చాలావరకు అక్కడే ఉన్నాయి. ఎక్కువగా జరిగేది ఏంటంటే కణాలు కాస్త చిన్నవవుతాయి, వాటి కొమ్మలు, ఒకదానికొకటి కలుపుకునే సినాప్సులు తగ్గుతాయి, సిగ్నల్ తీసుకెళ్ళే ఫైబర్ల మీది కొవ్వు పొర పాడవుతుంది.

ఇక సైజు సంగతి. 2015లో 88 స్టడీలని కలిపి ఎనిమిది వేలమందికి పైగా డేటా చూశారు, అన్ని వయసుల వాళ్ళూ ఉన్నారు అందులో. మనుషుల మధ్య ఐక్యూ తేడాల్లో మెదడు సైజుతో ముడిపడింది దాదాపు 6 శాతమే అని తేలింది. ఆడవాళ్ళ మెదడు సగటున మగవాళ్ళ మెదడు కంటే పది శాతం దాకా చిన్నది, అయినా మొత్తం మీద తెలివితేటల్లో తేడా లేదు. సైజే అన్నీ అయితే ఇలా ఎలా ఉంటుంది?

నన్ను అన్నిటికంటే ఆలోచనలో పడేసింది మాత్రం స్కాట్లాండ్ స్టడీ. 1947 జూన్‌లో అక్కడ 1936లో పుట్టిన పిల్లలకి, దాదాపు అందరికీ, అంటే డెబ్బై వేలమందికి పైగా, ఒకే రోజు ఒకే పరీక్ష పెట్టి ఆ మార్కుల రికార్డులు దాచారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎడిన్‌బరోలో ఇయాన్ డియరీ టీమ్ వాళ్ళలో 1091 మందిని డెబ్బై ఏళ్ళ వయసులో పట్టుకుని మళ్ళీ టెస్టులు పెట్టింది, 73 వచ్చేసరికి వాళ్ళలో చాలామందికి ఎమ్మారై కూడా తీసింది. కార్టెక్స్ మందంగా ఉన్నవాళ్ళకి మార్కులు ఎక్కువొచ్చాయి, ఇంతవరకు చూస్తే మీ హెడ్డింగు కరెక్టే అనిపిస్తుంది. కానీ 2014లో వాళ్ళు పదకొండేళ్ళప్పటి మార్కులని కూడా లెక్కలోకి తీసుకుని చూశారు, దాంతో ఆ సంబంధంలో మూడింట రెండొంతులకు పైగా మాయమైంది! అంటే 73 ఏళ్ళకి స్కాన్‌లో మనం చూసి వయసు చేసిన నష్టం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం చిన్నప్పటి నుంచి ఉన్న తేడానే. ఆ పిల్లల మార్కులు ఎవరూ దాచి ఉండకపోతే ఈ విషయం ఎప్పటికీ తెలిసేది కాదు. ఒక మనిషికి ఒక్కసారి తీసిన స్కాన్ చూసి ఇంత తగ్గిపోయింది అని ఎలా అంటాం, ముందు ఎంత ఉందో తెలియాలి కదా. పోల్చాల్సింది ఆ మనిషి పాత స్కాన్‌తో, పాత పనితీరుతో, పక్కింటి కుర్రాడి మెదడుతో కాదు.

అమెరికాలో డేవిడ్ స్నోడన్ 1986లో మొదలుపెట్టిన నన్ స్టడీ ఇంకోటి, 678 మంది క్రైస్తవ సన్యాసినులు చనిపోయాక తమ మెదడు పరీక్షించుకోమని ఒప్పుకున్నారు. వాళ్ళలో సిస్టర్ మేరీ అనే ఆవిడ 101 ఏళ్ళకి చనిపోయారు, టెస్టుల్లో చివరిదాకా మంచి మార్కులు, కానీ మెదడు తెరిచి చూస్తే అల్జీమర్స్‌లో కనిపించే మచ్చలు బోలెడు. చదువు, చేసిన పని, నలుగురితో మెలగడం లాంటివాటి వల్ల మెదడుకి ఒక రిజర్వ్ ఏర్పడుతుందని, కొంత దెబ్బతిన్నా అది నెట్టుకొస్తుందని సైంటిస్టులు అంటున్నది ఇలాంటివాళ్ళని చూసే.

మరి వయసుతో నిజంగా మారేది ఏంటి? స్పీడ్. కోడ్ టెస్ట్ అని ఒకటుంటుంది, పేపర్ పైన 1 నుంచి 9 దాకా అంకెలు, ఒక్కో అంకెకి ఒక్కో గుర్తు ఇస్తారు, కింద వరసల్లో ఉత్త అంకెలే ఉంటాయి, పైకీ కిందకీ చూసుకుంటూ సరైన గుర్తు గీస్తూ పోవాలి, టైమ్ రెండు నిమిషాలో అంతకంటే తక్కువో. పాతికేళ్ళ వాళ్ళు గబగబా గీసేస్తారు, డెబ్బై ఏళ్ళ వాళ్ళు చాలా తక్కువ గీస్తారు, గీసినవి ఎక్కువ శాతం కరెక్టుగానే ఉంటాయి కానీ గంట కొట్టేస్తారు. అదే మాటల అర్థాలు అడిగే టెస్ట్ పెట్టండి, పెద్దవాళ్ళు కుర్రాళ్ళతో సమానంగానో ఇంకా మెరుగ్గానో చెప్తారు. సియాటిల్‌లో వార్నర్ షాయీ 1956 నుంచి అవే మనుషుల్ని ఏడేళ్ళకోసారి టెస్ట్ చేస్తూ పోతే చాలా సామర్థ్యాల్లో స్పష్టమైన తగ్గుదల అరవై దాటాకే కనిపించింది. అంతకుముందు స్టడీల్లో ముప్ఫై నుంచే పడిపోతున్నట్టు కనిపించడానికి ఒక పెద్ద కారణం, వేరే వేరే తరాల వాళ్ళని ఒకే రోజు కూర్చోబెట్టి పోల్చడం. తాతల కాలం చదువూ మనవల కాలం చదువూ ఒకటి కాదు కదండీ.

అలాగని మతిమరుపంతా మామూలే అని వదిలెయ్యమనట్లేదు. తెలిసిన దారిలో తప్పిపోతున్నా, అడిగిందే అయిదు నిమిషాలకి మళ్ళీ అడుగుతున్నా, ఎప్పుడూ చేసే లెక్కలు చెయ్యలేకపోతున్నా డాక్టర్‌కి చూపించాల్సిందే, పేరు గుర్తురాక కాసేపటికి గుర్తొస్తే అది వేరు. చూపించినప్పుడు స్కాన్ ఒక్కటే కాదు, గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమనడం లాంటి చిన్న టెస్టులు వాళ్ళ సొంత భాషలో, తీరిగ్గా, కళ్ళజోడు, వినికిడి మెషిన్ పెట్టుకున్నారో లేదో చూసుకుని చెయ్యాలి. బీ12, థైరాయిడ్ చూడాలి, నిద్రమాత్రలేమైనా వాడుతున్నారా అడగాలి, డిప్రెషన్ ఉందేమో చూడాలి. వీటిలో ఏదైనా సరే మతిమరుపులా కనిపించగలదు, చాలావరకు సరిచెయ్యొచ్చు కూడా.

బీపీ గురించి మీరు ఎంత రాసినా తక్కువే. స్కాన్‌లో వైట్ మ్యాటర్‌లో (సిగ్నల్ తీసుకెళ్ళే ఫైబర్లు ఉండే భాగంలో) తెల్లగా మెరిసే మచ్చలకీ హై బీపీకీ గట్టి సంబంధం ఉంది, ఆలోచన నెమ్మదించడానికి అవి కూడా ఒక కారణం. 2019లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో పై బీపీని 140 బదులు 120 లోపు ఉంచాలని చూసినవాళ్ళలో డిమెన్షియాకి (రోజువారీ పనులు చేసుకోలేనంతగా జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినడానికి) ముందు దశగా వచ్చే తేలికపాటి లోపం తక్కువమందికి వచ్చింది. లాన్సెట్ అనే మెడికల్ జర్నల్ వేసిన నిపుణుల కమిషన్ 2024 లెక్క ప్రకారం చూస్తే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం వరకు హై బీపీ, వినికిడి లోపం, పొగతాగడం, ఒంటరితనం లాంటి 14 కారణాలతో ముడిపడి ఉన్నాయి. ఇవన్నీ మనం ఏదో ఒకటి చెయ్యగలిగినవే, అయినా వీటికి లోపలి పేజీలో రెండు లైన్లు, కుంచించుకుపోయిన మెదడు బొమ్మకి మాత్రం సగం పేజీ.

కాబట్టి నా రిక్వెస్ట్. ఇలాంటి స్టడీ గురించి రాసేటప్పుడు అవే మనుషుల్ని ఏళ్ళ తరబడి చూశారా, లేక వేరే వేరే వయసుల వాళ్ళని ఒకేసారి పోల్చారా అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి. ఎంత శాతం తగ్గిందో, దానివల్ల టెస్టుల్లో ఎంత తేడా వచ్చిందో రెండూ వెయ్యండి, స్కాన్ ఫొటో వేస్తే అది ఎలాంటి మనిషిదో కింద రాయండి. ఈ పేపర్ చదివే రేడియాలజీ డాక్టర్లకి కూడా ఒక మాట, వయసుకి తగ్గ మార్పే అయితే ఆ మాటతో పాటు దీన్ని బట్టి జ్ఞాపకశక్తి గురించి ఏమీ చెప్పలేం అని పేషెంట్ భాషలో ఇంకో లైన్ రాయండి ప్లీజ్. రిపోర్టు ముందు చదివేది ఇంట్లోవాళ్ళే.

ఇట్లు,
మీ పాఠకురాలు