ల్యాబుల్లో విండోస్ మార్చేముందు మమ్మల్ని ఒక మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఒక యూనివర్సిటీ అనుబంధ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని, పదకొండేళ్ళ నుంచి చేస్తున్నా. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, అప్పట్నుంచి మా పైవాళ్ళది ఒకటే పాట, అన్ని ల్యాబుల్లో విండోస్ 11 వేసెయ్యాలి అని. వేసెయ్యమంటే వేసేస్తాం గానీ ఆ సిస్టమ్స్ ఏంటో చూడాలి కదండీ. మా పెద్ద ల్యాబ్‌లో ఉన్న 60 సిస్టమ్సూ ఇంటెల్ నాలుగో జనరేషన్ ఐ3 ప్రాసెసర్‌వే, అంటే పాతవి, 4 జీబీ ర్యామ్. విండోస్ 11కి ఇంటెల్‌లో అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి. మా వాటికి రెండూ లేవు.

పోయిన సెమిస్టర్ మధ్యలో ఒక వెండర్ వచ్చి, ఆ చెకింగులన్నీ దాటేసే పెన్‌డ్రైవ్‌తో పన్నెండు సిస్టమ్స్‌లో 11 ఎక్కించేసి పోయాడు. ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రాదు. పైగా ఇలా దొడ్డిదారిన వేసిన వాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్టే గ్యారంటీ ఇవ్వదు, మరి మార్చింది అప్‌డేట్ల కోసమేగా? ప్రాక్టికల్స్ రోజు బయట్నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు తిట్లు మాత్రం మేం తిన్నాం.

చాలామందికి తెలీని ముక్క ఒకటుంది. విద్యాసంస్థలకి విండోస్ 10 సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో మూడేళ్ళు కొనుక్కోవచ్చు, సిస్టమ్‌కి మొదటి ఏడు 1 డాలర్, రెండో ఏడు 2, మూడో ఏడు 4. అంటే మా 60కి మూడేళ్ళకి కలిపి 420 డాలర్లు, ఒక కొత్త డెస్క్‌టాప్ ఖరీదు. ఇంత చవగ్గా దొరికేదాన్ని వదిలేసి తుక్కు కింద అమ్మేద్దాం అంటున్నారు.

అసలు ప్రోగ్రామింగ్ ల్యాబులకి విండోస్ ఎందుకో నాకు అర్థం కాదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఫోర్క్, సెమాఫోర్ అని ఒకేసారి నడిచే పనుల మీద ప్రోగ్రాములుంటాయి, అవి రాసిందే యునిక్స్ (లినక్స్ లాంటి వాటికి మూలమైన సిస్టమ్) కోసం, విండోస్‌లో నేరుగా రన్ కావు, అందుకని పిల్లలచేత ఔట్‌పుట్ రికార్డులో చేత్తో రాయించి సంతకం పెట్టేస్తున్నారు! సీ ల్యాబ్ అయితే ఇంకా 1990ల నాటి టర్బో సీ సాఫ్ట్‌వేరే, పాత డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపిస్తున్నాం, ఆ పిల్లలు ప్లేస్‌మెంట్ టెస్టులో కూడా అలవాటుగా కోనియో.హెచ్ (టర్బో సీలో పనిచేసే పాత హెడర్ ఫైల్) కొట్టి ఎర్రర్ చూసి బిక్కమొహం వేస్తారు. కేరళ గవర్నమెంట్ స్కూళ్ళలో ఏళ్ళ తరబడి ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మీదే నేర్పుతున్నారు, మన దేశంలోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళు తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది, మన దగ్గర ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్ళున్నారు, యూనివర్సిటీలో మనకే ఏమడ్డం?

అన్నిటికీ లినక్సే అనట్లేదు లెండి. బీకాం వాళ్ళకి ట్యాలీ కావాలి, సివిల్ వాళ్ళకి ఆటోక్యాడ్ కావాలి, తెలుగు డిపార్ట్‌మెంట్ సార్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కి అను ఫాంట్లు వదలరు. ఆ ల్యాబులకి కొత్త సిస్టమ్స్ కొని విండోస్ 11 వెయ్యండి. కాకపోతే ముందు ఏ డిపార్ట్‌మెంట్‌కి ఏ సాఫ్ట్‌వేర్ కావాలో లిస్టు తీసుకుని, వేసవి సెలవుల్లో ఒక్క ల్యాబ్‌లో వేసి చూసి, తర్వాత మిగతావి ముట్టుకోండి. సెమిస్టర్ మధ్యలో మాత్రం వద్దు.

వెండర్ 11 ఎక్కించిన ఆ పన్నెండింట్లో మూడింటికి నేనే ఒక ఆదివారం తేలిక రకం లినక్స్ వేశా. పర్మిషన్ లేదనుకోండి. ఇప్పుడు ల్యాబ్ తలుపు తియ్యగానే పిల్లలు ముందు ఆ మూడింటి దగ్గరికే పరిగెడుతున్నారు.

ఇట్లు,
ఒక ల్యాబ్ అసిస్టెంట్, గుంటూరు జిల్లా