గేర్ ఆయిల్ మార్చే ముందు ఇది చూడండి

అందరికీ నమస్కారం. బాగా తిరిగిన ట్రక్కుకి గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకుంటామన్నవాళ్లకి నాలుగు ముక్కలు.

ముందు ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) విప్పండి, ఆ తర్వాతే డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించే కింది మూత). ఏళ్లుగా కదలని ఫిల్లర్ బిగుసుకుపోయి ఉంటే, ఉన్న ఆయిల్ దించేశాక కొత్తది పోసే దారి ఉండదు, బండి అక్కడే కూర్చుంటుంది. పని మొదలుపెట్టే ముందు బండిని కాస్త తిప్పి తెస్తే ఆయిల్ వేడెక్కి త్వరగా దిగుతుంది. జాకీని నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే వేలితో రాసి చూడండి. కాటుకలా మెత్తగా అంటితే మామూలు అరుగుదలే. గోటికి తగిలే ఇనప ముక్కలుంటే మాత్రం కొత్త ఆయిల్ పోసి లాభం లేదు, లోపల విప్పించాలి.

ఏ గ్రేడ్ ఆయిల్ కావాలో బండి మాన్యువల్ చూసే కొనండి. జీఎల్-4 రకం ఆయిల్ అడిగిన గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోస్తే ఇత్తడి సింక్రో రింగులు (గేర్లు సాఫీగా పడేలా చేసేవి) దెబ్బతినొచ్చు. నంబర్ పెద్దదైతే మంచిదనే లెక్క ఇక్కడ చెల్లదు!

చాలా బళ్లలో, బండి చదునుగా ఉండగా ఫిల్లర్ రంధ్రం అంచు దాకా వస్తే నిండినట్టే. పనిలో పనిగా బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) కూడా చూడండి, అది పూడుకుపోతే సీళ్ల దగ్గర కారుతుంది. పాత ఆయిల్ కాలవలో పోయకుండా డబ్బాలో పట్టి రీసైక్లింగ్‌కి ఇవ్వండి. ఆటోమేటిక్ బళ్ల సంగతి వేరు, ఉన్నవాళ్లు విడిగా అడగండి.