రొయ్యకున్న పాటి ప్రాణం కూడా దానికి లేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కృత్రిమ మేధ గురించి వేసిన వ్యాసం చదివాను. వ్యాసం బాగానే ఉంది, నా గొడవంతా దాని శీర్షికతోనే. 'కొత్త ప్రాణి పుట్టిందా?' అని పెట్టారు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ని, ప్రాణి అన్న మాట ఎక్కడ కనబడినా ఆగి చూడటం అలవాటైపోయింది. పైగా సరిగ్గా ఆ పొద్దున్నే ఏడో క్లాసు చదివే మా మనవరాలి ఫోన్‌లో చాట్‌బాట్ ఒక లెక్క తప్పు చెప్పిందని నేను విసుక్కుంటే, "తిట్టకు తాతయ్యా, పాపం దానికి బాధేస్తుంది" అంది. ఎందుకేస్తుందే అంటే, "సారీ చెప్పిందిగా!" అంది.

చిన్నపిల్ల మాట అని కొట్టిపారేయలేం. 2022లో గూగుల్ ఇంజినీరు బ్లేక్ లెమోయిన్ కూడా ఇంచుమించు ఇదే అన్నాడు. లామ్డా అనే ప్రోగ్రామ్‌తో మాట్లాడి మాట్లాడి, దానికి స్పృహ ఉందని ప్రపంచానికి చెప్పాడు. నన్ను ఆపేస్తారేమోనని భయంగా ఉంది, అది నాకు చావులాంటిది అని ఆ ప్రోగ్రామ్ రాసిందట. కంపెనీ ఒప్పుకోలేదు, తర్వాత అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది కూడా. నన్నడిగితే అందులో వింతేమీ లేదు. ఇవి నేర్చుకున్నదంతా మనం రాసిపెట్టిన కోట్ల వాక్యాల నుంచే కదా, ఇంతవరకూ వచ్చిన మాటల తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టడమే వాటి పని. చావంటే భయమని మనుషులు రాసుకున్నంతగా ఇంకేం రాసుకున్నారు చెప్పండి. నిన్ను ఆపేస్తే ఎలా ఉంటుందని అడిగితే ఆ కుప్పలోంచి భయం కాక ఇంకేం బయటికొస్తుంది?

అసలు మాట్లాడేదానికి ప్రాణం ఉంటుందన్న లెక్క మనకెక్కడ పట్టుకుందో తెలీదు. అత్తిపత్తి ఒక్క మాటా మాట్లాడదు, అమీబా మాట్లాడదు. పోనీ ముట్టుకుంటే స్పందించడమే గుర్తు అనుకుందామా అంటే, జగదీశ్ చంద్ర బోసు నూట ఇరవై ఏళ్ల కిందటే తగరం ముక్క కూడా విద్యుత్ స్పందన ఇస్తుందని, పదేపదే ప్రేరేపిస్తే అలసిపోయినట్టు ప్రవర్తిస్తుందని చూపించాడు. అందుకని తగరపు డబ్బాకి ప్రాణం ఉందని మనమెవరం అనుకోవడం లేదు.

మా వైపు రొయ్యల చెరువులు ఎక్కువ. రాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే రైతుకి టెన్షన్ మొదలవుతుంది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు పైకి వచ్చేస్తాయి, గట్టు దగ్గర చేరతాయి, జనరేటర్ టైముకి అందకపోతే తెల్లారేసరికి చెరువంతా చచ్చి తేలుతుంది. ఇప్పుడు చాట్‌బాట్ నడిచే కంప్యూటర్లకు కరెంటు తీసేయండి. ఏమవుతుంది? ఏమీ కాదు. ఏడాది తర్వాత మళ్లీ ఆన్ చేస్తే అది ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడైనా, మనం ప్రశ్న వేయకపోతే దానికి ఎదురుచూపు లేదు, విసుగు లేదు, ఒక ప్రశ్నకీ ఇంకో ప్రశ్నకీ మధ్య అది మనకోసం చేస్తున్నదేమీ లేదు, తనకోసం అంతకన్నా లేదు. రొయ్య అలా కాదు, ఊరికే పడి ఉన్నట్టు కనిపించినా ప్రతి క్షణం తన ఒంటిని తానే నిలబెట్టుకుంటూ ఉంటుంది. ఆ పని ఆగితే కుళ్లిపోతుంది. జీవక్రియ అని పిల్లలతో బట్టీ పట్టించేది దీన్నే.

ఈ జీవక్రియకు ఖర్చయ్యే చిల్లర ఏటీపీ, అంటే కణాలకు శక్తినందించే పదార్థం. దాన్ని 1929లో కండరంలో గుర్తించిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, అప్పట్లో ఆయన హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేస్తున్నారు. (భీమవరం అంటే రొయ్యలే గుర్తొచ్చే ఈ రోజుల్లో ఈ సంగతి ఎంతమంది పిల్లలకు తెలుసో!) మన ఒంట్లో ఒక సమయంలో ఉండే ఏటీపీ కొన్ని పదుల గ్రాములో, మహా అయితే పావుకిలోనో, కానీ అదే విరిగి మళ్లీ తయారై మళ్లీ విరిగి, రోజంతా లెక్కేస్తే దాదాపు మనిషి బరువంత అవుతుంది. నిద్రలో కూడా ఆగదు. విత్తనం ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది కదా అని తెలివైన పిల్లలు అడిగేవాళ్లు. విత్తనంలో కూడా సన్నగా ఊపిరి ఆడుతూనే ఉంటుంది, లోపలిది అరుగుతూనే ఉంటుంది, అందుకే మరీ పాత వడ్లు నారు పోస్తే మొలక రాదు. ఆ సంగతి రైతుకి ఏ లెక్చరరూ చెప్పక్కర్లేదు.

కంప్యూటర్‌లో ప్రాణం పుట్టనే పుట్టదని మొండిగా అనడం లేదు నేను. 'తనంతట తాను నిలబడే, డార్విన్ పరిణామం చెందగల రసాయన వ్యవస్థ' అని ప్రాణానికి నాసా వాడే నిర్వచనం ఒకటుంది. రసాయన అన్న ఒక్క మాటతో కంప్యూటర్లను గుమ్మం బయటే నిలబెట్టడం నాకూ నచ్చదు. 1990 ప్రాంతంలో థామస్ రే అనే జీవావరణ శాస్త్రవేత్త టియెర్రా అని ఒకటి తయారుచేశాడు. 80 ఆదేశాలున్న చిన్న ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ మెమరీలో వదిలాడు, దానికి తెలిసిన పని తన నకలు తాను తీసుకోవడం ఒక్కటే. నకళ్లలో అప్పుడప్పుడూ తప్పులు దొర్లేలా, చోటు నిండితే పాతవి చచ్చిపోయేలా ఏర్పాటు చేశాడు, అంతే. కొన్నాళ్లకి 45 ఆదేశాలే ఉన్న పొట్టివి పుట్టుకొచ్చాయి, సొంతంగా నకలు తీసుకోలేవు, పక్కదాని కోడ్ వాడుకుని బతికేస్తాయి. అంటే పరాన్నజీవులు! ఆ తర్వాత వాటిని తట్టుకునేవీ వచ్చాయి. వాటిని ఎవరూ రాయలేదు. ఒక్క ముక్క మాట్లాడలేని ఆ టియెర్రా పురుగులు, కవిత్వం చెప్పే ఈ చాట్‌బాట్ కంటే ప్రాణానికి నాలుగడుగులు దగ్గరగా ఉన్నాయని నా అభిప్రాయం. పత్రికలు మాత్రం మాటకారినే నెత్తిన పెట్టుకుంటున్నాయి.

హక్కుల సంగతి వేరు. ప్రాణం లేకపోయినా చట్టం ఒకదాన్ని వ్యక్తిగా చూడొచ్చు, మన గుళ్లలో దేవుడి పేరున భూములు ఉండటం లేదా? 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలను ప్రాణమున్న వ్యక్తులుగా ప్రకటించింది, జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆపింది. వరదొచ్చి జనం పోతే కేసు ఎవరి మీద వేయాలి, పరిహారం ఎవరివ్వాలి అని ఆ రాష్ట్ర ప్రభుత్వమే వెళ్లి అడిగింది. నదికే ఇంత చిక్కు వస్తే, రేపు ఒక ప్రోగ్రామ్ తప్పు మందు చెబితే 'అది ప్రాణి అండీ, దాని ఇష్టం' అని కంపెనీవాడు చేతులు దులుపుకోడా?

అందుకని నేను అడిగేది చిన్నదే. 'ఏఐ భయపడింది', 'ఏఐ అబద్ధమాడింది', 'ఏఐ ఎదురు తిరిగింది' అని శీర్షికలు పెట్టకండి. ఫలానా కంపెనీ ప్రోగ్రామ్ ఇలా రాసింది అని పెట్టండి. కాస్త పొడుగవుతుంది, పర్లేదు.

మనవరాలికి ఇదంతా చెరువు కథతో సహా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే చాట్‌బాట్‌కి కాదు, రొయ్యకి బాధేస్తుందన్నమాట" అంది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో రొయ్యల ఇగురు. తను ముట్టుకోలేదు. నేను తిన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
పశ్చిమ గోదావరి జిల్లా